ఆకాశరామన్న ఉత్తరాన్ని చదివే పద్ధతి: అజ్ఞాత నేరస్థుడి రాతలోని సాహిత్య, చారిత్రక ఆధారాలు

సంతకం లేకుండా వచ్చే బెదిరింపు ఉత్తరాన్ని మనం ఆకాశరామన్న ఉత్తరం అంటాం. అది చేతికి అందగానే ఏ ఇంట్లోనైనా జరిగేది ఒకటే: రాసినవాడు ఎవడై ఉంటాడోనని తమకు పడనివాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలచుకోవడం. ఇక్కడ చెప్పబోయే పద్ధతి దానికి తలకిందులుగా నడుస్తుంది. ముందు ఒక మనిషిని అనుకొని తర్వాత ఉత్తరంలో అతణ్ణి వెతకడం కాకుండా, ఆ కాగితాన్ని ఒక పాత తాళపత్రాన్ని చదివినంత ఓపికగా చదివి, ఆ రాతను ఏ కాలం, ఏ ఊరు, ఏ చదువు, ఏ వినికిడి తయారుచేశాయో తేల్చుకోవడం ఇందులో పని. మనిషిని పట్టుకోవడం పోలీసుల బాధ్యత.

ఈ పద్ధతి కొత్తది కాదు. కడపలో కూర్చొని దీన్ని గురించి రాస్తూ సి.పి. బ్రౌన్ పేరు ఎత్తకపోతే తప్పవుతుంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన ఆయన సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని, వేమన పద్యాలకు దొరికిన ప్రతులన్నిటినీ పక్కపక్కన పెట్టించి, ఏ ప్రతిలో ఏ మాట ఎలా మారిందో రాయించాడు. ప్రతులను పరిష్కరించేవాళ్లకు తెలిసిన సూత్రం ఒకటి ఉంది. రెండు ప్రతుల్లో ఒప్పులు కలిస్తే దానివల్ల తెలిసేది పెద్దగా ఉండదు, ఎందుకంటే ఒప్పు ఎవరైనా రాస్తారు. ఒకే వింత తప్పు రెండింటిలోనూ కనబడితే మాత్రం ఆ రెంటికీ చుట్టరికం ఉందని అనుమానించాలి. నేరస్థుడి ఉత్తరాన్ని కూడా ఈ చూపుతోనే చదవాలి. అతడు దర్పంగా వాడిన పద్యం, పురాణం, సామెత మనకు చెప్పేది తక్కువ; వాటిని ఎక్కడ జారవిడిచాడో, ఏ మాటను తనకే తెలియకుండా వాడాడో అది చెప్పేది ఎక్కువ.

నకలు తీయడం

అసలు కాగితాన్ని పదిమంది చేతులు మారనివ్వకూడదు. అంచులు పట్టుకొని రెండు వైపులా ఫొటో తీసి, కవరును, దాని మీది తపాలా ముద్రను కూడా తీసి, అసలును ఒక శుభ్రమైన కాగితపు కవరులో పెట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి. మన పని ఆ తర్వాత ఫొటో మీద సాగుతుంది. ముద్రలోని పిన్‌కోడ్ మొదటి మూడంకెలు చూస్తే 515 అనంతపురం వైపు, 516 కడప వైపు, 518 కర్నూలు వైపు అని తెలుస్తుంది. అయితే అది ఉత్తరాన్ని డబ్బాలో వేసిన చోటే తప్ప రాసినవాడు ఉండే చోటు కాకపోవచ్చు.

తర్వాత ఉత్తరాన్ని పంక్తికి పంక్తిగా, తప్పుకు తప్పుగా, కొట్టివేతకు కొట్టివేతగా తెల్లకాగితం మీద ఎత్తి రాసి, పంక్తులకు అంకెలు వేయాలి. తెలుగు బాగా చదువుకున్నవాళ్లు పొరపాటు చేసేది ఇక్కడే. 'భాద' అని కనబడగానే చెయ్యి తనంతట తానే 'బాధ' అని దిద్దేస్తుంది. ముప్పయ్యేళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన నాకు ఈ జబ్బు బాగా ఉండేది కాబట్టి, ఎత్తి రాసిన ప్రతిని మా మనవరాలికిచ్చి ఫొటోతో అక్షరం అక్షరం సరిచూడమంటాను; ఆమె ఇంగ్లీషు మీడియం కావడం ఈ ఒక్క పనికి మాత్రం మేలే చేసింది.

పద్ధతిని చూపడానికి ఒక నమూనా ఉత్తరం అవసరం. నిజంగా వచ్చిన ఉత్తరాన్ని బయట పెట్టకూడదు కనుక, కడప జిల్లా పల్లె ఒకటి మనసులో పెట్టుకొని దీన్ని నేనే అల్లాను.

"మర్యాదగా చెప్తా ఉండా. వంక పక్కన గెనిమ మీద ఉండే చింతచెట్టు జోలికి వస్తే నీకు రోజులు దగ్గర పడినట్టే. 1983లో మీ నాయన మండలాఫీసులో పెట్టిన సాక్ష్యం కాగితం నా దగ్గర ఉండాది. జండాపై కపిరాజు అని కిష్ణుడు చెప్పినాడు, ఇనని వాళ్లు ఏమైనారో నీకు తెలుసు. అక్కరకు రాని చుట్టము అని వేమన ఊరికే అనలేదు. పొద్దు గూకినాక నీ గేదెలు నీ కొట్టంలో ఉండవు."

ఆరు వాక్యాలే ఉన్నా, ఇందులో తవ్వగలిగినది చాలా ఉంది.

కాలాన్ని పట్టే మాటలు

మొదట చరిత్రకు సంబంధించిన మాటల కింద గీత గీయాలి. పరిపాలన పేర్లు, నాణేలు, కొలతలు, ఉద్యోగాల పేర్లు, వస్తువుల పేర్లు ఒక తేదీన పుడతాయి, కొన్ని ఒక తేదీన పోతాయి. మన మూడు జిల్లాల వరకు ప్రతి పాఠకుడూ సొంతంగా ఒక పట్టిక రాసి పెట్టుకోవచ్చు. నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నది 1800లో, అప్పటినుంచి దత్తమండలాలు అన్నారు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభల్లో వచ్చింది. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడివడింది. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు చివరివరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. నయాపైసలు వచ్చినది 1957లో, పిన్‌కోడ్ వచ్చినది 1972లో. కరణాలు, మునసబులు పోయినది 1984లో, తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినది 1985లో. నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. డబ్బు అడిగే ఉత్తరంలో రెండువేల రూపాయల నోట్ల ప్రస్తావన ఉంటే అది 2016 నవంబరుకు ముందు రాసినది కాజాలదు.

ఇప్పుడు నమూనాకు వద్దాం. 1983లో మండలాఫీసు లేదు. అప్పుడు ఉన్నది తాలూకాఫీసు. ఈ ఒక్క మాట చూసి ఎగిరి గంతేయకూడదు, ఎందుకంటే ఆధారం బలం అది ఎక్కడ కనబడిందనే దాన్నిబట్టి మారుతుంది. ఇప్పుడు రాస్తున్న ఉత్తరంలో పాత సంగతికి కొత్త పేరు తగిలించడం అందరూ చేసేదే. డెబ్బయ్యేళ్ల పెద్దమనిషి కూడా తన చిన్నప్పటి తాలూకాఫీసును ఈ రోజు మండలాఫీసనే చెప్పవచ్చు. అదే మాట 1983 తేదీ వేసిన కాగితంలో, దస్తావేజులోనో వీలునామాలోనో ఉంటే, ఆ కాగితం తర్వాత పుట్టించినదని దాదాపుగా తేలినట్టే. అందువల్ల ఇక్కడ మనం రాసుకోవలసినది ఇంత మాత్రమే: రాసినవాడు తాలూకాల కాలాన్ని స్వయంగా వాడుకలో ఎరిగినవాడు కాకపోవచ్చు, అతడి దగ్గర ఉందంటున్న కాగితం బయటికి వస్తే ముందు అందులో ఆఫీసు పేరు ఏమని ఉందో చూడాలి.

కాగితం కూడా మాటలాగే కాలం చెబుతుంది. 1983లో జర్మనీలో ఒక పత్రిక హిట్లర్ డైరీలంటూ ప్రకటించిన నోటుపుస్తకాలు దొంగవని తేలినప్పుడు పట్టిచ్చిన వాటిలో ఒకటి, యుద్ధం ముగిసిన తర్వాత గాని వాడకంలోకి రాని ఒక తెలుపు రసాయనం ఆ కాగితంలో ఉండడం. దాన్ని పరీక్షించడం ప్రయోగశాల పని, మనది కాదు.

లోపలి ప్రస్తావనతో తేదీని ఎంత దగ్గరగా బిగించవచ్చో చెప్పడానికి కాలిఫోర్నియాలో 1969 నుంచి పత్రికలకు ఉత్తరాలు రాసి, ఈనాటికీ ఎవరో తేలని జోడియాక్ అనే హంతకుడి ఉదంతం కన్నా మంచిది నాకు దొరకలేదు. అతడు 1969 నవంబరు 8న తపాలాలో వేసిన 340 గుర్తుల గూఢలిపిని 2020 డిసెంబరులో, అంటే 51 ఏళ్లకు, అమెరికా, ఆస్ట్రేలియా, బెల్జియం దేశాలకు చెందిన ముగ్గురు ఔత్సాహికులు ఛేదించారు. టీవీ కార్యక్రమంలో మాట్లాడినది తాను కాదని అందులో ఒక మాట ఉంది. ఆ కార్యక్రమం ప్రసారమైనది అదే ఏడాది అక్టోబరు 22న. కాబట్టి ఆ పాఠాన్ని కూర్చినది ఆ పదిహేడు రోజుల మధ్యలోనే అయివుండాలి. అంతేకాదు, కాలానికి అంత కచ్చితంగా అతికిన ఆ ప్రస్తావన ఛేదన సరైనదేననడానికి కూడా సాక్ష్యమైంది.

పద్యం ఎక్కడినుంచి వచ్చింది

సాహిత్య ఆధారాల దగ్గర చదువుకున్నవాళ్లకు ఆశ ఎక్కువ. ఉత్తరంలో ఒక పద్యపాదం కనబడగానే రాసినవాడు పండితుడనో, తెలుగు మాస్టరనో తీర్మానిస్తారు. అలా తీర్మానించేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట ఎంతమందికి తెలిసి ఉంటుంది? వాళ్లకు అది ఏ దారిన తెలిసి ఉంటుంది?

జోడియాక్ 1969 జులై 31న మూడు పత్రికలకు ముక్కలుగా పంపిన 408 గుర్తుల లిపిని సలీనాస్‌లో ఉండే ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య కొద్దిరోజుల్లోనే విప్పారు. మనిషే అన్నిటికన్నా ప్రమాదకరమైన జంతువని అందులో ఉంది. మనిషిని మనిషి వేటాడే 1924 నాటి ఒక ప్రసిద్ధ ఇంగ్లీషు కథకు అది ప్రతిధ్వని అని చాలామంది అన్నారు, పోలిక ఉన్నమాట కూడా నిజమే. అయితే ఆ కథ అమెరికా బడి పుస్తకాల్లో చోటుచేసుకున్నది, 1932లోనే సినిమాగా వచ్చినది. అది తెలిసినవాళ్లు లక్షల్లో ఉంటారు. జల్లెడ కన్నాలు అంత పెద్దవైతే అందులో ఏదీ ఆగదు.

అదే మనిషి 1970 జులైలో రాసిన ఉత్తరంలో మికాడో అనే సంగీత నాటకంలోని, తలారి తాను చంపదగినవాళ్ల జాబితాను ఏకరువు పెట్టే పాటను పొడుగ్గా దింపాడు; 1974 జనవరి ఉత్తరంలో మళ్లీ అదే నాటకంలోని పిట్ట పాటను తెచ్చాడు. ఇక్కడ జల్లెడ కన్నాలు కొంచెం చిన్నవి. పైగా ఆ పాట మాటలు అచ్చు పుస్తకంతో పూర్తిగా కలవవు. పుస్తకం ముందు పెట్టుకొని ఎత్తి రాసినవాడి తప్పులు ఒక రకంగా ఉంటాయి, పంక్తి జారడం, అక్షరం వదలడం వంటివి. చెవిన విని గుర్తుంచుకొన్నవాడి తప్పులు మరో రకంగా ఉంటాయి, లయ నిలిచి మాట మారడం, వినబడినట్టే రాయడం వంటివి. ఆ తేడాను పట్టుకొనేవాడికి అవతలి మనిషి అలవాటు ఒకటి దొరుకుతుంది: అతడు చదివినవాడా, విన్నవాడా, నాటకంలో పాడినవాడా అన్నది.

మికాడో లండన్‌లో మొదట ఆడినది 1885లో. మన కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో సురభి నాటక సమాజం పుట్టినది కూడా 1885లోనే. ఈ కలయికలో ఆధారమేమీ లేదు, నాకు నచ్చి చెప్పాను; కాని మన ప్రాంతంలో పద్యం చెవి దారిన ఎంతదూరం పోయిందో అది గుర్తుచేస్తుంది. జాతరకు, తిరునాళ్లకు రాత్రంతా ఆడే పద్యనాటకాల వల్ల బడి ముఖం చూడనివాడికి కూడా రాయబారం పద్యాలు నోటికి వచ్చు. అందుకని నమూనాలోని 'జండాపై కపిరాజు' చదువుకు గుర్తు కాదు. తిరుపతి వెంకట కవుల ఆ పద్యంలో కృష్ణుడు దుర్యోధనుణ్ణి హెచ్చరిస్తాడు కనుక, బెదిరించదలచిన సీమ మనిషి నోటికి మొదట వచ్చే పద్యం అదే. గమనించవలసినది ఇంకొకటి ఉంది. అతడు పద్యంలోని అసలు బెదిరింపు దాకా పోలేదు. మొదటి మాటల దగ్గరే ఆగి, మిగిలినది 'ఇనని వాళ్లు ఏమైనారో' అని సొంత మాటల్లో చెప్పాడు. పద్యం పూర్తిగా వచ్చినవాడు, ముఖ్యంగా వేషం కట్టినవాడు, అక్కడ ఆగడం కష్టం. కాబట్టి ఇతడు నాటకం చూసినవాడే గాని పాడినవాడు కాకపోవచ్చు. ఇది ఊహే, ఊహ అని పక్కన రాసి పెట్టుకోవాలి.

ఇక 'అక్కరకు రాని చుట్టము' వేమనది కాదు, సుమతీ శతకంలోనిది. ఈ తప్పు విలువ ఎంత? నిజం చెప్పాలంటే చాలా తక్కువ, ఎందుకంటే నీతి పద్యం ఏదైనా వేమన ఖాతాలో వేయడం మన ఊళ్లలో అందరికీ అలవాటు. వేమన సమాధి ఉందనే కటారుపల్లి మన సీమలోనే ఉంది కనుక ఇక్కడ అది మరీ సహజం. అదే ఉత్తరంలో బ్రహ్మంగారి తత్వం ఒకటి, కాలజ్ఞానంలో అచ్చుకాని పాఠంతో, ఏదో ఒక భజన బృందం మాత్రమే పాడే చరణంతో కనబడి ఉంటే దాని బరువు ఎన్నో రెట్లు పెరిగేది. అప్పుడు బ్రహ్మంగారి మఠం ఉన్న కందిమల్లాయపల్లె చుట్టుపక్కల చెక్కభజనలు చేసే పెద్దల దగ్గర కూర్చొని ఆ చరణం ఏ ఊరి పాఠమో అడగవలసి వచ్చేది.

ఊరి మాట, కాగితం మాట

అమెరికాలో రోజర్ షై అనే భాషాశాస్త్రవేత్త దగ్గరకు పిల్లను ఎత్తుకుపోయినవాళ్ల ఉత్తరం ఒకటి వచ్చింది. డబ్బు సంచిని ఫలానా మూల మీది దెయ్యపు పట్టీ పైన ఉన్న చెత్తడబ్బాలో పెట్టమని అందులో ఉంది. రోడ్డుకూ కాలిబాటకూ నడుమ ఉండే గడ్డి పట్టీని అలా పిలిచేది ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ప్రాంతంలో మాత్రమే. పైగా ఆ ఉత్తరంలో డబ్బా, పోలీసు, కూతురు వంటి తేలిక మాటల స్పెల్లింగులు తప్పులు, అంతకన్నా కష్టమైన మాటలు సరిగ్గా ఉన్నాయి. అంటే చదువు రానట్టు నటిస్తున్న చదువుకున్నవాడన్నమాట. పోలీసుల అనుమానితుల జాబితాలో ఏక్రన్ నుంచి వచ్చిన చదువుకున్నవాడు ఒకడే ఉన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు కూడా.

మన నమూనాలో ఆ దెయ్యపు పట్టీకి సాటి వచ్చే మాట 'గెనిమ'. పొలానికీ పొలానికీ నడుమ ఉండే దాన్ని కోస్తాలో గట్టు అంటారు. గెనిమ సీమలోనూ దాన్ని ఆనుకొన్న దక్షిణ ప్రాంతంలోనూ వినబడే మాట. 'ఉండాది', 'చెప్పినాడు' కూడా ఈ వైపు రూపాలే. ఇటువంటి మాటలు చూసుకోవడానికి భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం పక్కన ఉంటే మంచిది. మడక, నాగలి వంటి మాటలు ఎక్కడెక్కడ ఏవి వాడతారో అందులో దొరుకుతాయి. అయితే అది అరవయ్యేళ్ల కిందటి వాడుక. ఊళ్లో పెద్దవాళ్లను ఇద్దరిని అడిగి సరిచూసుకోక తప్పదు.

అంతా సీమ మాటే అనుకొంటుండగా చివరి వాక్యంలో 'గేదెలు' అడ్డం వస్తుంది. మన పల్లెల్లో ఎనుము అంటారు, బర్రె అంటారు. గేదె కోస్తా మాట. మూడు కారణాలు సాధ్యం. రాసినవాడు కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి ఉండవచ్చు. లేదా గేదె అనేది పుస్తకాల్లో, పత్రికల్లో, బ్యాంకు అప్పు కాగితాల్లో ఉండే మాట కాబట్టి, కలం పట్టగానే అలవాటుగా అది వచ్చి ఉండవచ్చు. మూడో అవకాశాన్ని చాలామంది మరిచిపోతారు: చెప్పినవాడు ఒకడు, రాసినవాడు ఇంకొకడు. పల్లెల్లో ఉత్తరాలు చెప్పి రాయించడం తరతరాల అలవాటు. అప్పుడు గెనిమ చెప్పినవాడి నోటిది, గేదె రాసినవాడి చేతిది అవుతుంది. ఒకే ఉత్తరంలో రెండు పొరలు ఉన్నాయా అని చూడకుండా అన్ని లక్షణాలనూ ఒకే మనిషికి అంటగడితే లోకంలో లేని మనిషి ఒకడు తయారవుతాడు.

'కిష్ణుడు' అనే మాటను కొంచెం దగ్గరగా చూడాలి. ఇది పలుకుబడిని బట్టి రాసినట్టు కనబడుతుంది. కాని నిజంగా అక్షరాలు అంతంతమాత్రంగా వచ్చినవాడు 'కిస్నుడు' అనో 'కిట్నుడు' అనో రాస్తాడు. ష కింద ణ వత్తు అంత శుద్ధంగా పెట్టడు. 'ఇనని' అని రాసిన చెయ్యే పై వాక్యంలో 'సాక్ష్యం' అన్న మాటలో క్ష కింద య వత్తును పొరపాటు లేకుండా ఇచ్చింది. కష్టమైన చోట ఒప్పు, తేలికైన చోట తప్పు ఉంటే ఆ తప్పు వేషమని అనుమానించాలి. ఆ సాక్ష్యం అనే మాట అలవాటైన వృత్తులు ఏవి, దస్తావేజులు రాసేవాళ్లా, కోర్టు పక్షులా అన్న ఆలోచన కూడా రావచ్చు. అయితే భూమి తగాదాలున్న ప్రతి ఇంట్లోనూ ఆ మాట రోజూ నలుగుతుంది కనుక నేనైతే దాన్ని అక్కడే వదిలేస్తాను.

ఫోన్‌లో టైపు చేసిన సందేశమైతే ఈ అక్షరాల పరీక్ష చాలావరకు చెల్లదు. ఫోనే మాటను సూచిస్తుంది, ఫోనే దిద్దుతుంది. వాక్యం నిర్మాణం, మాటల ఎంపిక, సంబోధన, విరామ చిహ్నాల అలవాటు మాత్రమే మిగులుతాయి.

తప్పులా కనబడే ఒప్పు

తప్పులను పట్టుకొనేవాడు తానే పడే గొయ్యి ఒకటి ఉంది. అమెరికాలో 1978 నుంచి 1995 వరకు తపాలా బాంబులతో ముగ్గురిని చంపి 23 మందిని గాయపరచిన అజ్ఞాతవ్యక్తి 35,000 మాటల వ్యాసం ఒకటి పంపగా, దాన్ని 1995 సెప్టెంబరు 19న వాషింగ్టన్ పోస్ట్ ప్రచురించింది. అందులో కేకును తినేసి మళ్లీ ఉంచుకోవడం కుదరదనే అర్థమున్న ఒక ఇంగ్లీషు సామెత, ఇప్పుడు అందరూ వాడే వరసకు తిరగబడి ఉంది. చూడగానే పొరపాటనిపిస్తుంది. విచారిస్తే అదే పాత వరస, తర్కానికి కూడా అదే సరి. వ్యాసం చదివిన డేవిడ్ కజిన్‌స్కీ, ఆయన భార్య అందులోని కొన్ని మాటల కూర్పులను ఇంట్లోని వ్యక్తివిగా గుర్తుపట్టారు. అన్న టెడ్ ఎప్పుడో రాసిన ఉత్తరాల్లోనూ అదే సామెత అదే తిరగబడిన వరసలో దొరికింది. 1996 ఏప్రిల్ 3న మోంటానా అడవిలోని ఒక గదిలో అతడు పట్టుబడ్డాడు.

మన భాషలో ఈ గొయ్యి ఇంకా లోతు. 'వ్రాసినాను', 'గుఱ్ఱము' తప్పులు కావు, పాత ఒప్పులు. 'చెప్పినాడు' కోస్తా పాఠకుడికి గ్రాంథికంలా కనబడుతుంది, సీమలో అది వీధి మాట. ఒకసారి బంధువొకరు చూపిన ఉత్తరంలో అరసున్నలు కనబడగానే ఇది పాతకాలపు తెలుగు పండితుడి రాత అని నేను తొందరపడి చెప్పాను. నెల తిరిగాక చూస్తే రాసినది పాతికేళ్ల కుర్రవాడు. తాతగారి పాత దస్తావేజులోని రెండు వాక్యాలను అరసున్నలతో సహా దించుకున్నాడు. అరసున్నలు ఆ రెండు వాక్యాల్లోనే ఉండి, మిగతా ఎక్కడా లేకపోవడం నా కళ్ల ముందే ఉంది, నేను చూడలేదు. అప్పటినుంచి ఏ లక్షణం ఏ పంక్తిలో మొదలై ఏ పంక్తిలో ఆగిపోయిందో అంకె వేసి రాసుకొంటున్నాను.

పోల్చి చూడటం

పోలికకు తీసుకొనే రాత కూడా అదే జాతిదై ఉండాలి. బెదిరింపు ఉత్తరాన్ని ఒకరి పెళ్లి శుభలేఖతోనో, పంచాయతీకి పెట్టిన అర్జీతోనో పోల్చితే తేడాలే కనబడతాయి, ఎందుకంటే ఎవరైనా అర్జీలో ఒకలా, కోపంలో మరోలా రాస్తారు. పోల్చేవాడికి పేర్లు చెప్పకూడదు. ఐదారుగురి రాతలను అంకెలు వేసి కలిపి ఇవ్వాలి. అనుమానితుడిది ఒక్కటే ఇస్తే పోలికలు దొరకక మానవు. వింత తప్పు రెండు చోట్లా కలిసినప్పుడు కూడా అది అనుకరణ కాదా అని అడగాలి. జోడియాక్ స్వర్గం అనే ఇంగ్లీషు మాటను మొదటి గూఢలిపిలోనూ, 2020లో విప్పిన రెండోదానిలోనూ ఒకే విధంగా తప్పు రాశాడు. ఆ రెంటి చుట్టరికానికి అది మంచి గుర్తే అయినా, పత్రికల్లో ఒకసారి అచ్చయిన తప్పును ఆ తర్వాత ఎవడైనా దొంగిలించగలడు.

ఉత్తరం రాసినవాడే నేరం చేసినవాడన్న నమ్మకం కూడా లేదు. 1888లో లండన్ హత్యల సమయంలో జాక్ ది రిప్పర్ అనే పేరు పుట్టినదే సెప్టెంబరు 25 తేదీతో ఒక వార్తాసంస్థకు వచ్చిన ఉత్తరంలో. దాన్ని హంతకుడు కాదు, ఎవరో పత్రికా రచయిత అల్లాడని ఆనాటి పోలీసు అధికారులే భావించారు. తర్వాత అటువంటివి వందల్లో వచ్చాయి.

రాత నుంచి దొరికేది దారి మాత్రమే అనడానికి 1932 మార్చి 1న న్యూజెర్సీలో జరిగిన, పేరుమోసిన విమానచోదకుడు లిండ్‌బర్గ్ బిడ్డ అపహరణ చాలు. డబ్బు అడిగిన ఉత్తరంలో మంచి అనడానికి జర్మన్ మాట దొర్లింది, డాలరు గుర్తు అంకెకు తర్వాత పడింది; రాసినవాడికి జర్మన్ అలవాటని అప్పుడే అనుకొన్నారు. రెండేళ్ల తర్వాత 1934లో దొరికినవాడు జర్మనీలో పుట్టిన వడ్రంగే. కాని అతణ్ణి పట్టిచ్చింది ఆ భాష కాదు, అతడు ఖర్చుపెట్టిన నోట్ల అంకెలు. అతడి గ్యారేజీలో దొరికిన మిగతా డబ్బు, అపహరణకు వాడిన నిచ్చెన కొయ్య కోర్టులో నిలిచాయి.

చట్టం కూడా ఇలాగే చూస్తుంది. ఎవరో తెలియకుండా బెదిరించడాన్ని భారతీయ న్యాయ సంహిత 351(4) ప్రత్యేకంగా శిక్షిస్తుంది. చేతిరాత మీద నిపుణుడి అభిప్రాయానికి 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 39వ సెక్షన్‌లో చోటుంది. నిపుణుడి మాటకే మరో బలం కావాలని న్యాయమూర్తులు చూస్తున్నప్పుడు, మన వంటి చదువరి రాసేది దర్యాప్తుకు ఒక సూచన మాత్రమే. అందుకే నివేదికలో ఏ పేరూ ఉండకూడదు. పాత కక్షలు ఇంకా ఆరని పల్లెల్లో ఒక పేరు సంతలో పొక్కిందంటే, తర్వాత అది తప్పని తేలినా తిరిగి రాదు. చింతచెట్టు తగాదా కాస్తా మనిషి తగాదా అవుతుంది.

నమూనా ఉత్తరం మీద నేను రాసి ఇవ్వగలిగిన నివేదిక ఇంతకు మించి ఉండదు: "మాటలు చెప్పినవారు సీమ వ్యవసాయ పలుకుబడి బాగా ఉన్నవారు, 2, 3 వాక్యాలు దీనికి ఆధారం, నమ్మకం ఎక్కువ. రాసిన చెయ్యి వేరొకరిది కావచ్చు. 6వ వాక్యంలోని గేదెలు అన్న మాట ఆధారం, నమ్మకం తక్కువ. అక్షరదోషాల్లో కొన్ని కావాలని చేసినవి. 4వ వాక్యాన్ని 3వ వాక్యంతో పోల్చి చూడగలరు, నమ్మకం మధ్యస్థం. పద్యాల ప్రస్తావన వల్ల వృత్తి గాని చదువు గాని తేలదు. 1983 నాటిదని చెబుతున్న కాగితం దొరికితే అందులో తాలూకా అని ఉందో మండలం అని ఉందో ముందుగా చూడవలసినది." దీన్ని రెండు ప్రతులుగా రాసి, తేదీ వేసి, ఒకటి స్టేషన్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకొని ఇంటికి తెచ్చుకొంటాను.